పాటలో సైన్యం, పత్రంలో సైన్యం

పరదేశంతో జరిగిన యుద్ధాన్ని స్మరించుకొనుట జాతికి సులభం. శత్రువు ఎల్లకు ఆవల, వీరుడు ఈవల. అంతర్యుద్ధానికి అట్టి సౌలభ్యం లేదు. అందు తలపడిన ఉభయ సైన్యాలూ ఒకే భాష మాట్లాడినవే, ఒకే చెరువు నీరు త్రాగినవే. కనుకనే అట్టి సైన్యాలు చరిత్రలో ఒక రూపున, పాటలో వేరొక రూపున నిలచినవి.

తెలుగునాట ఇందుకు తొలి నిదర్శనం 12వ శతాబ్దపు పలనాటి యుద్ధం. దాయాదుల వైరం మాచర్ల, గురజాల సేనలను కారెంపూడి రణభూమికి ఈడ్చినది. ఆ కథను శాసనాలకంటె గానమే ఎక్కువగా బ్రతికించినది. కారెంపూడి వీరుల గుడి ముంగిట కార్తికమాసపు ఉత్సవాలలో వీరవిద్యావంతులు దానిని నేటికీ గానం చేస్తున్నారు. శ్రీనాథుని పేర నున్న ద్విపదకావ్యంలోని బాలచంద్రుని యుద్ధభాగాన్ని అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించినారు. మాలవాడైన కన్నమదాసు సేనానిగా నిలచుట ఆ గాథకే వన్నె తెచ్చినది.

అయినను ఆ పాటకొక పక్షం కలదు. అందు నాయకురాలు నాగమ్మ కుట్రకు మారుపేరు. ఆమె పుట్టినూరు జగిత్యాల ప్రాంతపు ఆర్వెల్లి అని ఐతిహ్యం. ఒక స్త్రీ మంత్రిణియై రాజ్యతంత్రం నడిపిన వైనం గురజాల వైపునుండి ఎట్లు కనిపించి యుండునో ఆ పాట చెప్పదు. పాట అసత్యమని కాదు. అది ఒక పక్షపు శోకం.

ఈ వివేకం సమీప చరిత్రకు మరింత అవసరం. 1946 నుండి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో ఒకవైపు గ్రామదళాలు. మరొకవైపు రజాకార్లు, నిజాం పోలీసులు, 1948 సెప్టెంబరు పిమ్మట భారతసైన్యం. అనభేరి ప్రభాకరరావు 1948 మార్చి 14న హుస్నాబాదు చెంతనున్న మహ్మదాపురంలో సహచరులతో నేలకొరిగినారు. సిరిసిల్ల ప్రాంతపు గాలిపెల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డి ఆ ఉద్యమనాయకులలో ఒకరు. 'మా భూమి' నాటకం ఆ పోరాటాన్ని రంగస్థలానికి తెచ్చినది. వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' దాని పూర్వరంగాన్ని చిత్రించినది.

మూడు దశాబ్దాలు గడచినవి. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగినది. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటితమైనవి. పిదప దళాలు అడవిబాట పట్టినవి. పోలీసు శిబిరాలు ఊళ్లలో వెలసినవి. అల్లం రాజయ్య 'కొలిమంటుకున్నది' నవల ఆ నేలనుండి పుట్టినదే.

నాటి మరణాలకు రెండేసి పేర్లున్నవి. ప్రభుత్వ పత్రంలో 'ఎదురుకాల్పుల మృతుడు' పాటలో 'అమరుడు' అగును. రాత్రి ఒకరికి అన్నం పెట్టి, తెల్లవారి మరొకరికి జవాబు చెప్పుకొన్న రైతు ఈ రెంటిలోను లేడు. ఇన్‌ఫార్మరన్న అనుమానంతో హతుడైనవాని భార్య లేదు. కొడుకు జీతంపై ఆశపెట్టుకొన్న కానిస్టేబులు తల్లి లేదు. ఆ లోటు తీర్చవలసినది సాహిత్యమే. 1861-65 అమెరికా అంతర్యుద్ధంలో కవి వాల్ట్ విట్మన్ ఆసుపత్రులలో గాయపడిన సైనికుల ప్రక్కన కూర్చుండి ఉపచారం చేసినాడు. వారిలో ప్రతిపక్ష సైనికులూ కలరు. పక్షముండుట కవికి దోషం కాదు; ఎదుటివాని గాయం కానకుండుట దోషం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాఠశాలల ఉపాధ్యాయులకు ఇందు ఒక కర్తవ్యం కలదు. ఆ దినాలు చూచినవారు ఇంకను మన ఊళ్లలో ఉన్నారు, కాని ఏటేట తగ్గిపోతున్నారు. విద్యార్థులు వారి పాటలను, మాటలను వ్రాసికొనవలెను. చెప్పినవారెవరు, ఏ వైపున నిలచిరి అన్నదీ గుర్తించవలెను. చెప్పుటకు జంకువారి పేర్లను గోప్యంగా ఉంచవలెను. పత్రాన్ని పాటతో, పాటను పత్రంతో సరిచూచుట నేర్చిన బాలుడు ఏ సైన్యానికీ సులభంగా చిక్కడు. ఏ మరణాన్నీ తేలికగా తలచడు.