నాళాలు బాగున్నవి – మరి గుండె?

గుండెజబ్బు అనగానే మనవారి నోట వెలువడే మొదటి మాట 'బ్లాకులు'. ఎన్ని ఉన్నవి, స్టెంటు వేసినారా, బైపాసు చేసినారా అన్న ప్రశ్నలు నేడు పల్లె రచ్చబండల మీద సైతం వినవస్తున్నవి. యాంజియోగ్రాం తీసి, నాళాలు బాగున్నవని వైద్యుడు చెప్పగానే ఇంటిల్లిపాదికీ ప్రాణం కుదుటపడుతుంది. ఆ పిదప ఆ వృద్ధునికి ఆయాసం వచ్చినా, కాళ్లు వాచినా, వయస్సు మీదపడినదిలెమ్మని సరిపెట్టుకొంటారు. ఈ సరిపెట్టుకోవడం పట్ల మాకు గట్టి అభ్యంతరమున్నది.

గుండె అంటే దానికి రక్తమందించే నాళాలు మాత్రమే కాదు గదా! అందులో కండరమున్నది, నాలుగు కవాటాలున్నవి, స్పందనను నడిపే విద్యుత్ వ్యవస్థ ఉన్నది. ఇవన్నీ వయస్సుతో శిథిలం కాగలవు.

బృహద్ధమని కవాటం సంగతే చూడండి. గుండె నుండి దేహమంతటికీ పోయే రక్తం దాటవలసిన ద్వారమది. ఆరోగ్యవంతునిలో 3 నుండి 4 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకొంటుంది. ఏండ్ల తరబడి దాని రెక్కలపై కాల్షియం పేరుకొని, అవి బిగిసి, ఆ ద్వారం 1 చదరపు సెంటీమీటరుకు కుంచించుకొనిపోతే వ్యాధి తీవ్రమైనదని లెక్క. (ఉర్దూ గజళ్లలో హృదయం పగలడమే గాని, ఇట్లు సున్నం పట్టడం మేమెన్నడూ వినలేదు!) నడిస్తే ఆయాసం, ఛాతీలో పట్టివేత, స్పృహ తప్పి పడిపోవడం దీని గుర్తులు. అవి కనిపించిన తరువాత చికిత్స లేనివారి ఆయుర్దాయం సగటున రెండు మూడేండ్లే. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్లు దీనిని ఆపగలవేమోనని పరీక్షించి చూచినారు. 2005లోను, 2008లోను వెలువడిన ఫలితాలు నిరాశనే మిగిల్చినవి. కవాటాన్ని మార్చవలసిందే. 2002లో ఫ్రాన్సులోని రువాన్ నగరంలో అలెన్ క్రిబియే అనే వైద్యుడు ఛాతీ కోయకుండా, రక్తనాళం గుండానే కొత్త కవాటాన్ని తొలిసారి అమర్చినాడు. ఆ పద్ధతి నేడు హైదరాబాదులోనూ ఉన్నది. వ్యయం మాత్రం లక్షలలో. ఇది సామాన్యునికి అందే ఏర్పాటు ప్రభుత్వం చేయవలసియున్నది.

మరికొందరిలో ట్రాన్స్‌థైరెటిన్ అనే మాంసకృత్తు వికృతరూపం దాల్చి కండరంలో పేరుకొంటుంది, గుండె బిరుసెక్కుతుంది. అంతకు కొన్నేండ్ల ముందే రెండు చేతుల మణికట్టులలో నరం ఒత్తుకొని తిమ్మిర్లు రావడం కద్దు. ఆ తిమ్మిరికీ గుండెకూ సంబంధమున్నదని ఎవరికి తోస్తుంది?

అసలు చిక్కు మరొకటున్నది. పెద్దలు బాధను చెప్పరు. దాదీ మేడమెట్లు ఎక్కడం మానివేస్తారు. నానా బజారుకు మనుమని పంపుతారు. నడక లేదు గనుక ఆయాసమూ లేదు! విద్యార్థి సోదరసోదరీమణులారా, 'ఆయాసమున్నదా' అని అడుగకండి. నిరుడు చేసిన పనులలో ఈ యేడు ఏది మానుకొన్నారో అడగండి.

కళాశాలలలో జరిపే వైద్యశిబిరాలు సాధారణంగా రక్తపోటు, చక్కెర పరీక్షలతో ముగుస్తున్నవి. మన శిబిరానికి విద్యార్థుల ఇండ్లలోని 65 ఏండ్లు దాటినవారిని కూడా పిలిచి, వైద్యునిచే స్టెతస్కోపుతో గుండె చప్పుడు శ్రద్ధగా వినిపించవలసినదిగా కమిటీ వారిని కోరుతున్నాము. ఇరుకైన కవాటం గుండా పోయే రక్తం చేసే మర్మరధ్వని చాలామందిలో అట్లే పట్టుబడుతుంది. సందేహం కలిగినవారిని ఎకో పరీక్షకు పంపవచ్చు. అందులో సూదీ లేదు, కోతా లేదు.