దువా సరే... దవా?

2001 ఆగస్టు 6, తెల్లవారుజాము. తమిళనాడులోని ఎర్వాడిలో ఓ పాక అంటుకుంది. దర్గాకు తీసుకొచ్చిన మానసిక రోగులను ఉంచే ప్రైవేటు ఆశ్రమం అది. చాలామంది కాళ్లకు గొలుసులున్నాయి. పరుగెత్తలేకపోయారు. 28 మంది చనిపోయారు. రోగిని గొలుసులతో కట్టేయడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం పూర్తిగా నిషేధించింది.

దర్గాలకు కాదు, ఆస్పత్రులకే పంపాలి... ఇలాంటి ఘోరం జరిగినప్పుడల్లా వినిపించే మాటే ఇది. బాగానే ఉంది. కానీ కొడుకు రాత్రుళ్లు నిద్రపోక తనలో తనే మాట్లాడుకుంటుంటే తల్లి ముందు ఎక్కడికి పరుగెడుతుంది? గాలి సోకిందని నమ్మే ఇంట్లో సైకియాట్రిస్టు వంతు చిట్టచివర వస్తుంది. (ఇది ఒక్క ముస్లింల ఇళ్ల సంగతే కాదు లెండి!)

గుజరాత్‌లో మెహసానా జిల్లా ఉనావాలోని మీరా దాతార్ దర్గా దగ్గర 2008లో 'దవా-దువా' మొదలైంది. దవా అంటే మందు, దువా అంటే ప్రార్థన. జబ్బు లక్షణాలను ఎలా గుర్తుపట్టాలో ముజావర్లకు నేర్పారు. ప్రార్థన మానమని ఎవరికీ చెప్పలేదు. అది అయ్యాక దర్గా ఆవరణలోనే ఉన్న డాక్టరుకు చూపించమన్నారు, అంతే. డాక్టరు మాట చెవికెక్కని మనిషి కూడా ముజావర్ చెబితే మాత్ర మింగుతాడు.

ఇదేదో ఈ కాలపు సర్దుబాటు అనుకుంటే పొరపాటు. 934లో కన్నుమూసిన పండితుడు అబూ జైద్ అల్ బల్ఖీ శరీరానికీ మనసుకూ కలిపి ఒకే వైద్య గ్రంథం రాశాడు. ఒంటికి వచ్చినట్టే మనసుకూ జబ్బు వస్తుందన్నాడు. కారణం తెలిసిన దిగులు వేరు, తెలియని దిగులు వేరు అన్నాడు. ఇంట్లో మందులు దాచుకున్నట్టే, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే ధైర్యమిచ్చే ఆలోచనలను పోగేసుకోమన్నాడు. నేటి కాగ్నిటివ్ థెరపీకి ఇది బాగా దగ్గర. మనసుకు సంబంధించిన ఆ భాగాన్ని సూడాన్ మనస్తత్వవేత్త మాలిక్ బద్రీ 2013లో ఇంగ్లిషులోకి తెచ్చారు.

వదలని ఆలోచనల గురించీ బల్ఖీ రాశాడు. నమాజుకు ముందు చేతులూ ముఖమూ కాళ్లూ కడుక్కోవడం వుజూ. సరిగ్గా కడిగానా లేదా అన్న అనుమానంతో గంటసేపు కుళాయి దగ్గరే ఉండిపోయేవాళ్లున్నారు. అలాంటివాళ్లతో కౌన్సెలర్ 'కొన్నాళ్లు నమాజు మానెయ్' అంటే మర్నాటి నుంచి రారు. అదే కౌన్సెలర్‌కు ఇస్లామిక్ ధర్మశాస్త్రం కాస్త తెలిస్తే? అనుమానంతో నిశ్చయం చెరిగిపోదన్నది అందులోని ప్రసిద్ధ సూత్రం. ఒకసారి కడుక్కున్నాక వచ్చే శంకను పట్టించుకోనక్కర్లేదు. మళ్లీ కడగాలన్న తహతహను ఆపుకోవడం నేర్పే నేటి చికిత్స కూడా అదే చేయిస్తుంది.

బ్రిటన్‌లోని లీడ్స్ యూనివర్సిటీ పరిశోధకులు డిప్రెషన్ చికిత్సను ముస్లిం రోగులకు తగ్గట్టు మార్చారు. జీవితంలో మీకు ముఖ్యమైనవేమిటని ముందు అడుగుతారు. మతం అన్నవాళ్లకే ఆ దారి. వద్దన్నవాళ్లకు మామూలు చికిత్సే. థెరపిస్టు ముస్లిమే అయి ఉండాలన్న నియమమూ లేదు.