పాత ట్రక్కుకు ఫ్యూయల్ ఇంజెక్షన్ కిట్: ఆర్డర్ పెట్టే ముందు ఒక్క శనివారం ఆగండి

"అప్‌గ్రేడ్ చేయాలా, ఉన్నదే వాడుకోవాలా?" ఫోన్ల విషయంలో మనందరికీ వచ్చే డౌటే ఇది. నాకు మాత్రం ఈసారి ఈ డౌటు నా 1978 షెవర్లే సీ10 పికప్ ట్రక్కు దగ్గర వచ్చింది. ఇంజన్ 5.7 లీటర్ల వీ8. దాని నెత్తిన రోచెస్టర్ క్వాడ్రాజెట్ అనే నాలుగు గొట్టాల కార్బురేటర్. జీఎం కంపెనీ ఈ డిజైన్‌ను 1965లో తెచ్చింది. అంటే ఇది వాడుతున్న నాకంటే వయసులో పెద్దది.

మేముండేది డాలస్‌లో. మొన్న జూన్‌లో మధ్యాహ్నం పూట పెట్రోల్ కొట్టించుకుని, పది నిమిషాలు ఆగి, మళ్లీ సెల్ఫ్ కొడితే బండి స్టార్ట్ అవ్వలేదు. ఎలాగోలా లేచింది. కిలోమీటరు వెళ్లామో లేదో, ఎడమకు తిరిగే లేన్‌లో సిగ్నల్ పడ్డాక ఆగిపోయింది. బయట 38 డిగ్రీలు, బండిలో ఏసీ లేదు, పక్క సీట్లో మా అమ్మాయి, వెనక హారన్లు. ఆ రాత్రే ఫ్యూయల్ ఇంజెక్షన్ కిట్ ఒకటి కార్ట్‌లో పడేశా. కొనే బటన్ మాత్రం నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో చెప్తా.

కిట్ ఏం చేస్తుంది?

కార్బురేటర్‌కి తెలివి లేదు. గాలి సన్నటి గొంతులోంచి పోయేటప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గుతుంది, ఆ తేడాకే పెట్రోల్ పైకి లాగబడుతుంది. ఎంత పోవాలో జెట్ల రంధ్రాలు, చిన్న కడ్డీలు తేలుస్తాయి. బయట వేడా, చలా, మనం కొండ మీదున్నామా అన్నది దానికి పట్టదు.

ఇప్పుడు దొరికే కిట్లు కార్బురేటర్ ఉన్న చోటే, అవే నాలుగు బోల్టుల మీద కూర్చుంటాయి. లోపల ఇంజెక్టర్లు, ఈసీయూ, మ్యానిఫోల్డ్ ఒత్తిడి చూసే సెన్సర్. సైలెన్సర్ గొట్టంలో ఒక ఆక్సిజన్ సెన్సర్ బిగిస్తాం. డ్యాష్‌బోర్డు దగ్గర చిన్న టచ్‌స్క్రీన్ ఉంటుంది. అందులో ఇంజన్ సైజు, సిలిండర్ల సంఖ్య లాంటి నాలుగైదు వివరాలు ఇస్తే చాలు, నడుపుతుంటే మిక్చర్‌ను అదే సరిచేసుకుంటూ పోతుంది. మనలాంటి వాళ్లకి ఆ స్క్రీన్ చూస్తేనే సగం మనసు పడిపోతుంది, కాదనను.

బాక్సులో రాని ఖర్చు

కిట్ ధరే వెయ్యి డాలర్లు పైమాట. అది మొదటి మెట్టే. కార్బురేటర్‌కి ఇంజన్ పక్కనుండే మెకానికల్ పంపు ఇచ్చే 5 నుంచి 7 పీఎస్‌ఐ ఒత్తిడి సరిపోతుంది. ఈ కిట్లలో చాలావాటికి 58 పీఎస్‌ఐ దాకా కావాలి. కారు టైరులో ఉండేది 32 చుట్టుపక్కలే కదా, దాన్ని బట్టి ఊహించుకోండి. అంటే ట్యాంకులోకి కొత్త ఎలక్ట్రిక్ పంపు, కొత్త ఫిల్టర్, ఆ ఒత్తిడికి తట్టుకునే గొట్టాలు, చాలాసార్లు తిరుగు లైను కూడా కావాలి. 46 ఏళ్లు దాటిన రబ్బరు గొట్టం మీద ఆ ఒత్తిడి పెట్టి, కాలిపోతున్న ఎగ్జాస్ట్ పక్కనుంచి నడిపితే అది అప్‌గ్రేడ్ కాదు, అగ్గిపెట్టె. 1972 వరకు వచ్చిన సీ10ల్లో ట్యాంకు సీటు వెనకే ఉండేది. వాటి ఓనర్లు ఈ మాట ఇంకోసారి చదవాలి.

తర్వాత కరెంటు. పాత ఆల్టర్నేటర్ పంపుకీ ఈసీయూకీ కలిపి సరిపోతుందో లేదో చూసుకోవాలి. ఎర్త్ వైర్లు శుభ్రంగా ఉండాలి. స్పార్క్ ప్లగ్ వైర్ల పక్కనుంచి సెన్సర్ వైర్లు లాగితే ఆ నాయిస్‌కి ఈసీయూ తికమకపడుతుంది. అన్నీ కలిపితే నా లెక్క 2,000 డాలర్ల దగ్గర తేలింది, లేబర్ కాకుండా.

నా శనివారం

ఆర్డర్ పెట్టే ముందు ఒక్కరోజు బండిని సరిగ్గా చూద్దాం అనుకున్నా. తక్కువ ధరలో దొరికే వాక్యూమ్ గేజ్ ఒకటి తగిలించా. ఐడిల్‌లో ముల్లు 17 నుంచి 21 అంగుళాల మధ్య నిలకడగా ఉండాలి. నాది 13 దగ్గర ఊగుతోంది. వెతికితే బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే గొట్టం పగిలి ఉంది, గాలి లోపలికి పీలుస్తోంది. టైమింగ్ కూడా వెనక్కి జరిగి ఉంది. సిగ్నల్ దగ్గర ఆగిపోవడానికి అసలు కారణం ఇదీ.

ఇక వేడిలో స్టార్ట్ అవ్వకపోవడం. ఇక్కడి పెట్రోల్‌లో మామూలుగా 10 శాతం ఇథనాల్ కలుస్తుంది, తొందరగా ఆవిరవుతుంది. ఇంజన్ ఆపగానే కింది వేడంతా కార్బురేటర్‌కి ఎక్కి, ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ మరిగిపోతుంది. దానికి కార్బురేటర్ కింద వేడిని ఆపే మందపాటి గ్యాస్కెట్ వేశా, పెట్రోల్ లైన్‌ను ఎగ్జాస్ట్‌కి దూరంగా జరిపా. రీబిల్డ్ కిట్‌తో కలిపి వంద డాలర్లు కాలేదు. గేజ్ ముల్లు ఇప్పుడు 18 దగ్గర కదలకుండా ఉంటోంది.

నిజం చెప్పాలంటే వేడి సమస్యని ఇంజెక్షన్ కూడా తీర్చేదే. ఎక్కువ ఒత్తిడిలో పెట్రోల్ అంత తేలిగ్గా మరగదు. కానీ పగిలిన గొట్టం అలాగే ఉండేది. ఈసీయూ ఆ గాలికి తగ్గట్టు పెట్రోల్ పోస్తూ జబ్బుని దాచేసేది. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు సైలెన్సర్ గొట్టం లీకైతే ఇంకా ఘోరం. బయటి గాలి లోపలికి దూరి, మిక్చర్ లీన్‌గా ఉందని సెన్సర్ పొరపడుతుంది, ఈసీయూ అనవసరంగా ఇంకా పెట్రోల్ పోస్తుంది. "తానే నేర్చుకుంటుంది" అన్నది నిజమే, కాకపోతే తప్పు చూపిస్తే తప్పే నేర్చుకుంటుంది.

మైలేజీ మాట

నా ట్రక్కు గ్యాలన్‌కి 12 మైళ్లు ఇస్తుంది, మన లెక్కలో లీటరుకి 5 కిలోమీటర్లు. ఏడాదికి 3,000 మైళ్లు తిప్పితే 250 గ్యాలన్లు. ఇంజెక్షన్‌తో 10 శాతం మెరుగైందనే అనుకుందాం, 227 గ్యాలన్లు. గ్యాలన్ 3 డాలర్లైతే ఏడాదికి మిగిలేది 70 డాలర్ల లోపు. 2,000 డాలర్లు తిరిగి రావాలంటే పాతికేళ్లు దాటుతుంది. మైలేజీ కోసం కొంటున్నానని మాత్రం ఎవరూ చెప్పకండి.

మరి ఎవరు కొనాలి?

రోజూ ఆఫీసుకి అదే బండి తీసుకెళ్లేవాళ్లు, గడ్డకట్టే చలిలో తెల్లవారుజామున స్టార్ట్ చేసేవాళ్లు, కొండలెక్కేవాళ్లు. కొలరాడోలో ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగుల పైన ఉంటుంది. అక్కడ గాలి పలచన, డాలస్‌కి సెట్ చేసిన కార్బురేటర్ పెట్రోల్ ఎక్కువ పోసి నల్లపొగ వదులుతుంది. ఇంజెక్షన్ ఒత్తిడి కొలిచి తగ్గించుకుంటుంది. అలాంటి వాడకానికి ఆ డబ్బు దండగ కాదు. కాలిఫోర్నియాలో 1976, ఆ తర్వాతి పెట్రోల్ బండ్లకు స్మాగ్ పరీక్ష ఉంటుంది కాబట్టి, అక్కడ అనుమతి నంబర్ ఉన్న కిట్టేనా అని ముందే చూసుకోవాలి.

"కార్బురేటర్ సింపుల్, ఎవడైనా బాగుచేస్తాడు" అనేవాళ్లతోనూ నేను ఒప్పుకోను. క్వాడ్రాజెట్ విప్పితే టేబుల్ నిండా ముక్కలే. చేయి తిరిగిన మెకానిక్‌లు తగ్గిపోతున్నారు. కానీ నాకు ఒక భయం ఉంది. పదేళ్ల తర్వాత ఆ ఈసీయూ పాడైతే అదే మోడల్ దొరుకుతుందా? అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్లు నా డ్రాయర్లో మూడున్నాయి. నా కార్బురేటర్‌కి గ్యాస్కెట్లు ఈరోజుకీ దొరుకుతున్నాయి.

మన దగ్గర 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కి మారాయి. అది సరైన మార్పే. ఆ బైకుల్లో ట్యాంకు, పంపు, వైరింగ్ అన్నీ దానికోసమే తయారయ్యాయి. పాత బండికి తర్వాత అతికించడం వేరే సంగతి.

వారాంతాల్లో తిప్పే ట్రక్కుకి నా ఓటు కార్బురేటర్‌కే. మీది రోజూ తిరిగే బండైతే ఇంజెక్షన్ పెట్టించండి, కానీ ముందు వాక్యూమ్, టైమింగ్, సైలెన్సర్ లీకులు చూడండి. అవి సరిచేశాక కూడా కిట్ కావాలనిపిస్తే అప్పుడు కొనండి. నాది ఇంకా కార్ట్‌లోనే ఉంది. వచ్చే వేసవిలో కొలరాడో వెళ్దామని మా అమ్మాయి అడుగుతోంది, అప్పుడు మళ్లీ ఆలోచిస్తా.