పిల్లలు పడతారని ఆట మాన్పించవచ్చా?

ప్రశ్న: మా ఊళ్ళో స్కేటింగ్ స్థలం కట్టించాలని యువకులు పట్టుబడుతున్నారు. పిల్లల చేతులు విరుగుతాయని పెద్దలు వద్దంటున్నారు. మీ సలహా ఏమిటి?
— ఒక తండ్రి, కొండపాక

జవాబు: మీ పెద్దల భయంలో నిజం లేకపోలేదు. పడేటప్పుడు చెయ్యి ఆనించడం సహజం. అందుకే ఈ ఆటలో మణికట్టు ఎముక విరగడం ఎక్కువ. అలాగని ఆట మాన్పించడం మంచిది కాదు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది.

కట్టేముందు పిల్లలను కూర్చోబెట్టి అడగండి. ఆడపిల్లలనూ, తల్లులనూ విడిగా అడగండి. దీపం ఎక్కడ ఉండాలో, మరుగుదొడ్డి ఎక్కడ ఉండాలో వాళ్ళే చెబుతారు. మధ్యప్రదేశ్‌లోని జన్వార్ అనే పల్లెలో 2015లో ఇటువంటి స్థలం కట్టారు. బడికి వెళ్ళనివారికి ఆట లేదు, ఆడపిల్లలదే ముందు వంతు — ఇవీ అక్కడ పెట్టిన నియమాలు.

గచ్చు నున్నగా, నీరు నిలవకుండా ఉండాలి. చిన్నపిల్లలకు తక్కువ ఎత్తు వాలు విడిగా కట్టించండి. చెట్టునీడ, మంచినీళ్ళు తప్పనిసరి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆడనివ్వకండి. తలకు హెల్మెట్, మణికట్లకూ మోకాళ్ళకూ తొడుగులు లేనిదే పలక ఎక్కనివ్వవద్దు.

చెయ్యి వాచి వంకరపోతే తోమకండి, బిగించి నాటుకట్టు కట్టించకండి. రక్తం ఆడక చెయ్యి కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. అట్టముక్క ఆసరాగా వదులుగా కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తలకు దెబ్బ తగిలి వాంతులైనా, మగతగా ఉన్నా క్షణం ఆలస్యం చేయవద్దు.