కష్టపడితేనే సేవా?

పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో ఏ గోడ చూసినా ఒకటే బోధ. ఈ రెండేళ్లూ అన్నీ మానుకో, సంతోషం సంగతి ఫలితాలు వచ్చాక చూసుకోవచ్చు. అక్కణ్నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ వచ్చి ఆదివారం ఆరాధనలో కూర్చుంటే, ప్రసంగ పీఠం మీది నుంచి వినబడేదీ దాదాపు అదే: ఇక్కడ అలసిపో, ప్రతిఫలం అక్కడ. కోచింగ్ సెంటరూ చర్చీ ఇంతగా ఒక్క మాట మీద నిలబడ్డ విషయం మరొకటి నాకు కనబడలేదు.

చర్చి సేవ గురించి మనలో పాతుకుపోయిన అభిప్రాయం ఇదీ: నిద్ర చెడగొట్టుకుని, ఇల్లు పక్కనపెట్టి, ఒళ్లు హూనం చేసుకుని చేసిందే సేవ. ఎంత నలిగితే అంత గొప్ప. "నాకు సరదాగా ఉంటుంది కాబట్టి చేస్తున్నాను" అని ఎవరైనా అంటే పెద్దలు ఇబ్బందిగా నవ్వుతారు, ఆ మాటలో భక్తి తక్కువైనట్టు. ఇక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఊరికే కూర్చోవాలని ఉందంటే అది భక్తిలో చల్లారిపోవడమే. ఈ అభిప్రాయం తప్పని నా వాదన. దీనివల్ల నష్టపోతున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు.

ముందు ఆ పనులెలా ఉంటాయో చూద్దాం. నెల మొదటి ఆదివారం ప్రభు సంస్కారం అయ్యాక ట్రేల నిండా బొటనవేలంత గ్లాసులు మిగులుతాయి. అడుగున ద్రాక్షరసం ఎండకముందే కడగాలి. నలుగురు సింకు చుట్టూ చేరతారు. ఒకరు సబ్బు, ఒకరు నీళ్లు, ఒకరు తుడవడం, ఇంకొకరు ఏ పనీ చేయకుండా కబుర్లు. ఎవరి కూతురికి సంబంధం కుదిరింది, ఎవరి అల్లుడు దుబాయి నుంచి వచ్చాడు, కొత్త పాస్టరమ్మ పులిహోరలో ఉప్పెందుకు తక్కువైంది. మధ్యలో ఎవరో ఆంధ్ర క్రైస్తవ కీర్తన ఒకటి ఎత్తుకుంటారు, రెండో చరణానికి మాటలు మరిచిపోతారు. మే నెలలో వీబీఎస్ (వేసవి బైబిలు బడి) పిల్లలకు రస్నా కలిపేవాళ్లూ, డిసెంబరు చలిలో డీసీఎం ఎక్కి అర్ధరాత్రి దాకా క్యారల్స్ పాడే కుర్రాళ్లూ, బండ్లు అడ్డంగా పెట్టినవాళ్లని బతిమాలుకునే పార్కింగ్ అన్నలూ, వీళ్లలో ఎవర్ని అడిగినా ఆ పూట బాధలో గడిచిందని చెప్పరు. చెప్తే అబద్ధం. బాధ అనేది తర్వాత వార్షిక నివేదిక రాసేవాళ్లు చేర్చే మసాలా.

ఈ అభిప్రాయానికి వాక్యాధారంగా తరచూ లాక్కొచ్చే మనిషి దావీదు. అరౌనా తన కళ్లాన్నీ ఎడ్లనూ ఉచితంగా ఇస్తానంటే, వెల ఇవ్వకుండా దహనబలి అర్పించనని చెప్పి యాభై తులాల వెండికి కొన్నాడు కదా, మరి మనకు ఖర్చు లేని సేవ సేవ ఎలా అవుతుందని అడుగుతారు. రెండో సమూయేలు 24వ అధ్యాయాన్ని ఆ ఒక్క వచనం దగ్గర మొదలుపెడితే అలాగే కనిపిస్తుంది. మొదటి నుంచి చదివితే వేరే కథ. జనాభా లెక్కలు తీయించి తప్పు చేసింది దావీదు, తెగులు వచ్చి చచ్చింది డెబ్భైవేల మంది జనం. తన తప్పుకు అర్పించే బలి ఖర్చు ఇంకొకడి నెత్తిన పెట్టనన్నాడు రాజు. అది న్యాయం. వారం వారం కుర్చీలు సర్దే మనిషికీ ఆ కథకూ ఏం సంబంధం? ఏ తెగులుకు ప్రాయశ్చిత్తంగా చాపలు పరుస్తున్నాం మనం? పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో ఉత్సాహంగా ఇచ్చేవాడంటే దేవునికి ఇష్టమని ఉంది. ఆ వచనం కానుక సంచి తిరిగేటప్పుడు ప్రతివారం వింటాం. చీపురు చేతికిచ్చేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

త్యాగంతో అసలు చిక్కు దానికి హద్దు లేకపోవడం. నొప్పే కొలత అయినప్పుడు, ఇంకొంచెం నొప్పి ఇంకొంచెం పుణ్యమే అవుతుంది. ఇక చాలు అనే చోటు ఎక్కడా రాదు. ఆనందానికి ఆ చోటు దానంతట అదే వస్తుంది. గ్లాసులు కడగడం బరువనిపించిన రోజున ఆ మనిషి మానేసి ఇంటికి వెళ్తుంది, మళ్లీ మనసు పుట్టినప్పుడు వస్తుంది. అందుకే ఏ కమిటీకీ ఆనందం మీద నమ్మకం కుదరదు. త్యాగం అని పేరు పెడితే రాని మనిషి దోషి అవుతుంది, అడిగినవాడు ఎప్పటికీ కాడు. ఒకసారి ఊ అన్నవాళ్ల పేరే తర్వాత ప్రతి పట్టికలోనూ కనిపించడం మీరూ చూసే ఉంటారు. అలా పేరెక్కిన మనిషి పొద్దున ఐదింటికి లేచి ఇంట్లో వంట ముగించి, చర్చిలో పూలు పెట్టి, సండే స్కూలు చూసి, ఆరాధన అయ్యాక భోజనాలు వడ్డించి, మూడింటికి ఇల్లు చేరితే అక్కడ సింకు నిండా గిన్నెలు. భర్తగారు అప్పటికి ఒక కునుకు తీసి లేచి ఉంటారు. ఆయనకు ఆదివారం విశ్రాంతి దినం.

ఇది ఈ నేల మీద మాట్లాడుతున్నాం కనుక ఇంకో సంగతి. నిజాం కాలపు తెలంగాణలో వెట్టి అంటే ఏమిటో మన సంఘాల్లో చాలా కుటుంబాలకు పుస్తకాల్లో చదవాల్సిన అవసరం లేదు. గడీలో కూలి లేకుండా చాకిరీ చేసిన ముత్తాతల కథలు ఇళ్లలోనే ఉన్నాయి. 1946లో మొదలైన సాయుధ పోరాటానికి భూమి ఎంత కారణమో వెట్టి అంతే కారణం. వెట్టికీ జీతం లేదు, సేవకూ జీతం లేదు. చేతికి తగిలే పనీ ఒక్కోసారి ఒకటే: ఊడవడం, మోయడం, వండటం. ఈ రెంటినీ వేరుచేసేది "ఈసారి రాను" అనగల స్వేచ్ఛ ఒక్కటే. ఆ మాట అన్న మనిషి ముఖం చూడని సంఘంలో ఎంత ప్రార్థన జరిగినా, ఆ పని ఏ జాతి పనో మన తాతలు చెప్పగలరు.

విశ్రాంతి దినం ఆజ్ఞ బైబిల్లో రెండు చోట్ల ఉంది. నిర్గమకాండం 20లో కారణం సృష్టి: దేవుడు ఏడో రోజున విశ్రమించాడు కాబట్టి. ద్వితీయోపదేశకాండం 5లో కారణం మారుతుంది. మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, అది జ్ఞాపకం ఉంచుకోండి, మీ దాసుడూ దాసీ కూడా మీలాగే విశ్రమించాలి అని. బానిసత్వం చూసినవాళ్లకు ఇచ్చిన మొదటి హక్కుల్లో ఊరికే కూర్చోవడం ఒకటన్నమాట. దాన్ని భక్తి పేరుతో లాక్కునే అధికారం ఎవరికుంది?

ఊరికే కూర్చోవడం గురించి నాకు చాలా చెప్పాలని ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మ్యాట్నీ జనమంతా హాళ్లలోకి వెళ్లిపోయాక చిక్కడపల్లి లోపలి గల్లీల్లో ఓ గంట సద్దు ఉండదు. చాప మీద వాలి ఫ్యాను వైపు చూస్తూ పొద్దున పాడిన పాటలో ఏ స్వరం తప్పానో నెమరేసుకోవచ్చు. లేదా ఏమీ చేయకపోవచ్చు. తెల్లవారుజామున నల్లా వచ్చేదాకా బిందె పక్కన పీట వేసుకుని కూర్చునే సమయమూ అలాంటిదే. సీయోను గీతాల్లో ఒకటి నోట్లో ఆడుతుంటుంది, ప్రార్థన చేస్తున్నానో లేదో తేల్చుకోనక్కర్లేదు. ఇప్పుడు చర్చివాళ్లు దీనికీ ఒక పట్టిక తెచ్చారు. ఇవాళ ఎన్ని అధ్యాయాలు చదివారో వాట్సాప్ గ్రూపులో పెట్టాలట. ఏకాంతానికి హాజరుపట్టీ! శుక్రవారం ఆల్‌నైట్, శనివారం ఉపవాస ప్రార్థన, వారం మధ్యలో కాటేజ్ ప్రేయర్, ఇవన్నీ అయ్యాక ఇంట్లో మనిషి ఇంటివాళ్లకు ఎప్పుడు కనబడాలి?

ఇక్కడ మార్త మరియల ప్రసంగం వస్తుందని తెలుసు. ఏటా వస్తుంది. మార్త పనిలో తలమునకలై గొణిగింది, మరియ పాదాల దగ్గర కూర్చుంది, మీరంతా మరియలు కండి అని ముగించి, వెంటనే "భోజనాల దగ్గర వడ్డించడానికి పదిమంది సహోదరీలు కావాలి" అని ప్రకటన. మార్తను తిట్టకుండా ప్రసంగం సాగదు, మార్త లేకుండా భోజనం సాగదు. యోహాను సువార్త 12వ అధ్యాయంలో బేతనియలో మళ్లీ విందు జరిగింది, మళ్లీ మార్తే వడ్డించింది, ఈసారి ఆమెను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆమె కూడా ఎవర్నీ అనలేదు. చచ్చి బతికొచ్చిన సోదరుడు పంక్తిలో కూర్చుని ఉన్నాడు, ఆ ఇంట్లో వడ్డించడం ఎంత సంబరమో ఊహించుకోవచ్చు. అదే పని, అదే మనిషి. లూకా చెప్పిన రోజున ఆమెను తినేసింది వంట కాదు, వంట గురించిన దిగులు. ఈ రెండో విందు మీద ప్రసంగం విన్నవాళ్లుంటే నాకు చెప్పండి.

నా వాదనకు ఎదురుగా నిలబెట్టదగిన పెద్ద మనిషి భక్త సింగ్. ఆయనను దాటి ఈ ప్రాంతంలో ఎవరూ సేవ గురించి మాట్లాడలేరు. 1903లో పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంగ్లాండులో ఇంజనీరింగ్ చదివి, కెనడాలో బాప్తిస్మం పొంది, 1933లో బొంబాయిలో దిగాడు. విశ్వాసాన్ని బయటపెట్టకుండా ఇంటికి రమ్మన్న తల్లిదండ్రులకు కాదని చెప్పి ఒంటరిగా మిగిలాడు. 1950లో గోల్కొండ చౌరస్తా దగ్గర ఆయన సంఘం హెబ్రోను మొదలైంది. ఇది త్యాగం కాదా అంటే, అవును, త్యాగమే, నేనెందుకు కాదంటాను? అయితే అది ఆయన మీద ఎవరో పట్టికలో రాసిన త్యాగం కాదు. హెబ్రోను కూటాలు తెలిసినవాళ్లకు గుర్తుండేది కూడా నొప్పి కాదు. నేల మీద చాపలు, గంటల తరబడి పాటలు, ఆ తర్వాత ప్రేమవిందు. ఆఫీసరూ రిక్షా కార్మికుడూ ఒకే బంతిలో కూర్చుంటే ఎవరో ఒకరు అన్నం వడ్డిస్తూ పోవడం. వేలమందికి వంట చేసినవాళ్లు కూలి అడగలేదు, వేదిక మీది నుంచి ఎవరూ చందాలూ అడగలేదు. ఆయన మోకాళ్ల మీద గడిపిన గంటలు ఎంత పేరుపొందాయో, కూటాలూ అంతే పేరుపొందాయి. మౌనమూ సందడీ ఒకదాన్నొకటి మింగకుండా ఉన్న చోటది. చివరి ఏళ్లలో పార్కిన్సన్స్‌తో మంచం పట్టిన మనిషికి హెబ్రోనులో చేతులు మారుతూ సేవ జరిగింది. 2000 సెప్టెంబరు 17న ఆయన పోయాక వచ్చిన జనాన్ని చూసిన నగరం ఇంకా మరిచిపోలేదు. సమాధి నారాయణగూడలోనే ఉంది.

కుర్రాళ్లు ఇంకో వైపు నుంచి వస్తారు. చర్చికి ఊరికే చాకిరీ దేనికి, ఏ స్వచ్ఛంద సంస్థలోనో చేస్తే సర్టిఫికెట్ వస్తుంది అంటారు. వాళ్ల అమ్మానాన్నలు ఇంకో మాట అంటారు: ఉద్యోగం రానీ, తర్వాత గిటారు వాయించుకుందువుగానీ. ఈ సలహా ఖరీదు అశోక్‌నగర్‌కు తెలుసు. తెలంగాణ తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు వచ్చింది. ఆ అక్టోబరు ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెట్టిన ప్రిలిమ్స్‌ను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త నోటిఫికేషన్ వస్తే, మెయిన్స్ అక్టోబరులో జరిగాయి, అదీ అభ్యర్థులు రోడ్డెక్కిన గొడవల మధ్య. సంతోషాన్ని ఫలితాల దాకా వాయిదా వేసుకున్నవాడికి రెండున్నరేళ్లలో ఏం దక్కింది? ఆదివారం పొద్దున రెండు గంటలు మైకు సెట్టు దగ్గర కూర్చున్నవాడికి కనీసం ఆ రెండు గంటలు దక్కాయి. వాటిని ఏ కోర్టూ రద్దు చేయలేదు.

కొత్త సంవత్సరం ఆరాధనలో ప్రమాణం చేయబోయే కమిటీలు ముందుగా ఒక పని చేయొచ్చు. పోయిన ఏడాది డ్యూటీ పట్టికలన్నీ ముందేసుకుని ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. అందరికంటే ఎక్కువసార్లు వచ్చిన అక్కలను వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పకండి, మూడు నెలలు సెలవివ్వండి. ఆ మూడు నెలలూ గ్లాసులు కడిగే పట్టికలో మొదటి పేరు పాస్టర్‌గారిది, రెండోది కార్యదర్శిగారిది రాయండి. వాళ్లకు అది నచ్చేస్తుందనే నా అనుమానం.