కౌన్సెలింగ్ ‘ఇచ్చి’ పంపించారు

మా తిరుపతి, చిత్తూరు వైపు పేపర్ల జిల్లా పేజీల్లో ‘కౌన్సెలింగ్’ అన్న మాట కనబడని వారం ఉండదు. రౌడీషీటర్లకు కౌన్సెలింగ్. తాగి బండి నడిపినవాళ్ళకు కౌన్సెలింగ్. ఇంట్లోంచి వెళ్ళిపోయిన ప్రేమజంటకూ, వాళ్ళ అమ్మానాయనలకూ కౌన్సెలింగ్. మొగుడూ పెళ్ళాలకు కౌన్సెలింగ్. ఆఖరికి ఇంజినీరింగ్ సీటుకు కూడా అదే మాట. సీటు సంగతి వదిలేస్తే మిగతా వార్తలన్నిటిలో వాక్యం ఒకే అచ్చులో పోసినట్టుంటుంది: ‘కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు’. ఆ ‘ఇచ్చి’ దగ్గరా, ఆ ‘పంపించారు’ దగ్గరా నా పేచీ.

ఇచ్చేవాడు కుర్చీలో ఉంటాడు. పుచ్చుకునేవాడు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇచ్చేది బుద్ధి. మాట్లాడేది ఎవరో, వినేది ఎవరో ముందే తేలిపోయింది. మనసు బాగాలేని మనిషి దగ్గర కూర్చుని చేయవలసిన పనికి ఇది సరిగ్గా తలకిందులు. పోలీసు స్టేషన్ మాటను మనం ఆస్పత్రిలోకి, కాలేజీలోకి తెచ్చుకోలేదు. స్టేషన్ పద్ధతినే తెచ్చుకున్నాం.

ఇంటర్ చదివే పిల్లను కౌన్సెలర్ దగ్గరికి తీసుకుపోతారు. ‘ఏం అమ్మణ్ణీ, మీ నాయన ఎంత కష్టపడి ఫీజు కడతా ఉండాడో తెలుసునా?’ ఇది మొదటి ప్రశ్న. నిజానికి అది ప్రశ్న కూడా కాదు. ఆ పిల్లకు ఆ సంగతి తెలుసు. తెలుసు కాబట్టే నిద్ర పట్టడం లేదు. గదిలో అమ్మా నాయనా పక్కనే కూర్చుని ఉంటారు. పదిహేను నిమిషాల్లో నాలుగు మంచిమాటలు చెప్పి, అబ్దుల్ కలాంను ఒకసారి తలుచుకుని, పొద్దున్నే లేచి ధ్యానం చెయ్యమని పంపిస్తారు. పిల్ల ‘సరే సార్’ అంటుంది. ఆ ‘సరే సార్’ను మనవాళ్ళు నయం కావడం అనుకుంటున్నారు. చదువుల పేరుతో పిలకాయల మీద జరుగుతున్న దాష్టీకం గురించి మా తిరుపతి రచయిత నామిని ‘చదువులా? చావులా?’ అని పుస్తకమే రాశాడు. ఆ చదువులు నడిపేవాళ్ళే ఇప్పుడు హాస్టల్‌కొక కౌన్సెలర్‌ను పెట్టామని కరపత్రాల్లో వేసుకుంటున్నారు. ఆ కౌన్సెలర్‌కు జీతమిచ్చేది యాజమాన్యం. పిల్ల చెప్పింది ఆ గదిలోనే ఉంటుందా, సాయంత్రానికి ప్రిన్సిపాల్ టేబుల్ మీదికి చేరుతుందా అని అడిగిన తల్లిదండ్రులు నాకు ఇంతవరకు తగల్లేదు.

ఇదేమీ కొత్త విషయం కాదు. మనస్తత్వశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసే ప్రతి ఒక్కరూ పరీక్షకు చదివే విషయమే. కార్ల్ రోజర్స్ 1942లో రాసిన పుస్తకంలో, వచ్చిన మనిషిని ‘పేషెంటు’ అనకుండా ‘క్లయింట్’ అన్నాడు. అంతకుముందు వాడిన పద్ధతుల పట్టీ ఒకటి వేసి ఒక్కొక్కదాన్నే పక్కన పెట్టాడు: ఆజ్ఞాపించడం, వద్దని చెప్పడం, ఒట్టు వేయించుకోవడం, ఏం కాదులే అని ధైర్యం చెప్పడం, సలహా ఇవ్వడం. ఎనభై ఏళ్ళ కింద ఆయన చెత్తబుట్టలో వేసిన పట్టీయే ఇవాళ మన దగ్గర సిలబస్. రోజర్స్ మీద పది మార్కుల వ్యాసం రాసి పాసై వచ్చినవాళ్ళు కూడా కుర్చీలో కూర్చోగానే మేనమామలైపోతారు.

దీనికొక జవాబు ఉంది, అది తీసిపారేసే జవాబు కాదు. ‘అమెరికా వాడి లెక్క వేరు సార్. మనోళ్ళు వొచ్చేదే ఏం చెయ్యాలో చెప్పమని. చెప్పకపోతే డబ్బులు తీసుకోని మూగోడిలా కూర్చున్నాడు అంటారు’. నిజమే, అంటారు. మానసిక వైద్యుడు జె.ఎస్. నేకీ 1973లోనే ఈ సంగతి పట్టుకున్నాడు. మన దగ్గర వైద్యుడికీ రోగికీ మధ్య గురుశిష్యుల బంధం పనికొస్తుందేమో చూడాలని వాదించాడు. అయితే గురువును ఒప్పుకున్నవాళ్ళు గురువు చేసే పని మొత్తాన్ని ఒప్పుకోవాలి గదా. గురువు శిష్యుణ్ణి ఇంట్లో పెట్టుకుంటాడు, ఏళ్ళ తరబడి చూస్తాడు, ఎవడికి ఏ మాట ఎప్పుడు చెప్పాలో కనిపెట్టుకుని ఉంటాడు. మనవాళ్ళు గురువు దగ్గర్నుంచి పీఠం మాత్రమే తీసుకున్నారు, కాపురం తీసుకోలేదు. పదిహేను నిమిషాల గురుత్వం ఏ సంప్రదాయంలోనూ లేదు.

ఒట్టు వేయించుకోవడం అంటే మా చిత్తూరు వాళ్ళకు వెంటనే తోచేది కాణిపాకం. అక్కడి వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే బతకలేరని నమ్మకం. (రాజకీయ నాయకులు ‘కాణిపాకంలో ప్రమాణానికి సిద్ధమా’ అని ఒకరినొకరు సవాలు చేసుకోవడం మనకు ఉచిత వినోదం.) తాగుడు మానాలని కూడా అక్కడికే తీసుకుపోతారు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో దేవుడి ముందు నిలబడి ‘ఇంక ముట్టను’ అంటాడు. నేను ఆ ప్రమాణాన్ని ఎగతాళి చేయడానికి రాలేదు. దానితో మానినవాళ్ళున్నారు. నాకు కావలసింది మానలేకపోయినవాళ్ళ లెక్క. ఏళ్ళ తరబడి రోజూ తాగిన ఒళ్ళు ఒక్కసారిగా ఆపితే, రెండో మూడో రోజుకు చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనబడతాయి, ప్రాణం మీదికి కూడా వస్తుంది. అది ఆస్పత్రిలో పడుకోబెట్టి మందులిచ్చి దాటించవలసిన గండం. ఇంట్లోవాళ్ళు మాత్రం దేవుడి దెబ్బ అనుకుంటారు, లేదా గాలి సోకిందంటారు. ఇక ఆరు నెలల తర్వాత మళ్ళీ గ్లాసు పట్టుకున్నవాడి సంగతి. ఇప్పుడు అతను తాగుబోతు మాత్రమే కాదు, దేవుడికిచ్చిన మాట తప్పినవాడు. పెళ్ళానికి చెప్పలేడు, డాక్టరుకు చెప్పలేడు. తాగి దాచుకుంటాడు, దాచుకోలేక తాగుతాడు.

కౌన్సెలర్ చేయవలసిన పని ఇక్కడే మొదలవుతుంది, మన కౌన్సెలర్ చేసేది మాత్రం రెండో కాణిపాకం పెట్టడం. ‘పెళ్ళాం పిల్లల ముఖం చూసి మానెయ్యి’ అని మరో ఒట్టు. విలియం మిల్లర్ 1983లో తాగుడు మాన్పించే పని గురించి ఒక వ్యాసం రాశాడు. తర్వాత 1991లో స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పుస్తకం చేశాడు. ఆయన చెప్పింది మనకు ఇళ్ళల్లో రోజూ కనబడేదే: మానాలా వద్దా అని లోపలే కొట్టుకుంటున్న మనిషికి ‘మానెయ్’ అని నువ్వు చెబితే, అతను రెండో పక్కకు పోయి నిలబడతాడు. మానకపోవడానికి కారణాలు వెతుక్కుంటాడు. అదే ‘తాగితే నీకు ఏం బాగుంటుంది?’ అని అడిగి నోరు మూసుకుని వింటే, బాగాలేనిదేదో అతనే చెప్పడం మొదలుపెడతాడు. మానాలనే మాట అతని నోటినుంచి రావాలి. ఈ పనికి ఓపిక కావాలి, శిక్షణ కావాలి, తప్పి మళ్ళీ తాగి వచ్చినప్పుడు ముఖం చిట్లించని నిగ్రహం కావాలి.

వినడం అన్నాను గదా, ఏ భాషలో వినడం? ఈ మధ్య మన సాహిత్యంలోకి కూడా ‘హీలింగ్’ వచ్చి పడింది. కవిత్వం హీలింగ్, ప్రయాణం హీలింగ్, వంట హీలింగ్. దాన్ని ‘స్వస్థత’ అని తెలుగు చేస్తే మా ఊళ్ళో ప్రార్థన కూటం పోస్టరు గుర్తొస్తుంది. సరే, హీలింగ్ అనే అనుకోండి. కానీ మదనపల్లె దగ్గరి పల్లెలోంచి వచ్చిన నలభై ఏళ్ళ మనిషి ‘నాకు డిప్రెషన్’ అని చెప్పదు. ‘మనేద పెట్టుకోని ఉండాను’ అంటుంది. ‘దిగులు’ అంటుంది, ‘గుండెల్లో బండ పెట్టినట్టుండాది’ అంటుంది. అంతకన్నా ఎక్కువగా అరికాళ్ళ మంటలనీ, తలలో చీమలు పాకినట్టుందనీ, తిన్నది ఒంటికి పట్టడం లేదనీ అంటుంది. ఆర్‌ఎంపీ బి-కాంప్లెక్స్ సూది వేస్తాడు. పెద్ద డాక్టరు ఈసీజీ తీసి ‘నీకేం లేదు పో’ అంటాడు. ఆ ‘ఏం లేదు’ అనే మాటను మించిన అవమానం ఇంకోటి లేదు. బెంగళూరులో రఘురాం, ఆయన సహచరులు దిగులుతో వచ్చిన రోగుల మీద చేసి 1996లో అచ్చువేసిన పరిశోధన ఒకటుంది. మనసు బాధ ఎంత ఎక్కువగా చెబితే అంత ఎక్కువ పరువు తక్కువ, ఒంటి బాధ చెబితే తక్కువ అని తేలింది. అంటే ఆమె తెలియక చెప్పడం లేదు. ఇరుగుపొరుగు వినే లోకంలో ఏ నొప్పికి పరువుందో చూసుకుని చెబుతోంది. ఆ అరికాళ్ళ మంటలను తోసేసి ‘మీ భావాలు చెప్పండి’ అనే థెరపిస్టు ఆమెకు పరాయివాడు. మంట ఎప్పుడు మొదలైంది, ఆ నెలలో ఇంట్లో ఏం జరిగింది అని అడిగేవాడు దారిలో పడ్డట్టు.

ఇంట్లోవాళ్ళను బయటికి తోసేయమంటున్నానని అనుకోవద్దు. 1950ల్లో అమృతసర్ మానసిక వైద్యశాలలో విద్యాసాగర్ అనే డాక్టరు రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాలు వేసి ఉంచాడు. మాకు చిత్తూరు దాటితే వెల్లూరు. అక్కడి సీఎంసీ వాళ్ళ బాగాయం ఆస్పత్రిలో రోగితోబాటు ఇంటిమనిషి ఉండడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. లోకమంతా వాటిని చూసి నేర్చుకుంది. కుటుంబం పక్కన ఉండటం వేరు, కుటుంబం రోగి తరఫున మాట్లాడటం వేరు. మొదట ఆ మనిషి ఒంటరిగా మాట్లాడాలి. ఇంట్లోవాళ్ళకు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ఆ మనిషినే అడగాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ గోప్యతను రోగి హక్కుగా రాసింది. కోడలు చెప్పింది అత్తకు చేరిందంటే ఆ గదికి ఆమె మళ్ళీ రాదు. వచ్చినా నిజం చెప్పదు.

అన్నిటికన్నా నన్ను మండించేది చావు అంచుదాకా పోయి వచ్చినవాళ్ళకు జరిగేది. అదే చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం చికిత్స చూడాలి. 2018 మే 29 నుంచి అది అమల్లో ఉంది. 2024 జూలైలో వచ్చిన కొత్త శిక్షాస్మృతి పాత 309 సెక్షన్‌ను వదిలేసింది. నేరం పోయింది, మందలింపు పోలేదు. ప్రాణం నిలబడి కళ్ళు తెరిచిన పిల్లవాడి చుట్టూ చేరి ‘మా గురించి ఆలోచించినావా?’ అని పెద్దమ్మ మొదలుకొని వార్డు ఆయా దాకా తలా ఒక మాట. ఆపైన ఎవరో ఒకరు కౌన్సెలింగ్ ఇస్తారు. డిశ్చార్జ్.

ఇంతకన్నా మనకు చేతకాదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు చోట్ల 1867 మంది మీద చేసిన పరిశోధన 2008లో వెలువడింది. ఆ అయిదింట్లో ఒకటి మన పక్కనున్న చెన్నై. సగంమందికి మామూలు వైద్యమే. మిగతావాళ్ళతో ఆస్పత్రిలో ఒక గంట కూర్చుని మాట్లాడారు. ఆ తర్వాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు, ఫోనులోనో ఇంటికి వెళ్ళో, ఎలా ఉన్నావని అడిగారు. అంతే. పద్దెనిమిది నెలల చివర మామూలు వైద్యం పొందినవాళ్ళలో 2.2 శాతం మంది ఆత్మహత్యతో పోయారు. మాట్లాడినవాళ్ళలో 0.2 శాతం. దీనికి పెద్ద థెరపీలేవీ అక్కర్లేదు. మన పద్ధతికీ దీనికీ ఉన్న తేడా అంతా ‘పంపించారు’ అన్న మాటలో ఉంది. వాళ్ళు పంపించి ఊరుకోలేదు, వెనకాలే వెళ్ళారు.

ఇప్పుడు 14416కి ఎవరైనా ఫోన్ చేయొచ్చు, టెలి మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. మంచిదే. కానీ అక్కడ ఫోన్ చేయవలసింది బాధలో ఉన్న మనిషి. నేను అడిగేది అటునుంచి వచ్చే ఫోను. మా రెండు జిల్లాల్లో అలాంటి ప్రతి మనిషి డిశ్చార్జ్ కాగితం మీదా మాత్రల పేర్ల కింద ఇంకొక వరస ఉండాలి: ఏడోరోజు ఫోన్ చేసేది ఎవరు, ఏ నంబరు నుంచి. ఆ నర్సుకో, ఆ సైకాలజిస్టుకో ఆ పనికి జీతం, ఆ పనికి గంట సమయం. మొదటి ఫోనులో అడగవలసింది కూడా ఒక్కటే, ‘అన్నం తిన్నావా, రాత్రి నిద్ర పట్టిందా?’