ఇరవై ఎనిమిది అక్షరాల పేచీ

యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం. ఒక్క గుక్కలో పలకడమే కష్టం, ఇక స్పెల్లింగ్ సంగతి చెప్పేదేముంది! ఇంగ్లిషులో 28 అక్షరాలు. 1955లో అమెరికాలో ఓ టీవీ క్విజ్‌లో పన్నెండేళ్ల అమ్మాయి దీని స్పెల్లింగ్ సరిగ్గా చెప్పడంతో మాటకి బోలెడు పేరొచ్చింది. అర్థం ఎంతమంది అడిగారో మరి.

విడదీసి చూస్తే సులువే. ఒక చర్చికి రాజ్యం అధికారిక హోదా ఇస్తే అది ఎస్టాబ్లిష్‌మెంట్. ఆ హోదా తీసేయడం డిస్‌ఎస్టాబ్లిష్‌మెంట్. తీసేయడానికి వీల్లేదంటూ అడ్డుపడేవాళ్ల వాదానికే ఈ బారెడు పేరు.

19వ శతాబ్దపు బ్రిటన్‌లో ఈ పేచీ మాటలతో పోలేదు. ఐర్లండ్‌లో అత్యధికులు కేథలిక్కులు. అధికారిక చర్చి మాత్రం ఆంగ్లికన్లది. వాళ్లేమో జనాభాలో ఎనిమిదో వంతు! అయినా కేథలిక్ రైతులు తాము గడప తొక్కని ఆ చర్చికి 'టైద్' పేరుతో పన్ను కట్టాల్సివచ్చేది. టైద్ అంటే పదోవంతు అనే. 1830ల్లో రైతులు ఎదురుతిరిగారు. బకాయిల కింద పోలీసులు పశువుల్ని తోలుకుపోయారు. ప్రాణాలూ పోయాయి. 1838లో ఆ భారాన్ని భూస్వాముల మీదకు మార్చారు. వాళ్లు కౌలులో కలిపేసుకుంటే రైతుకు ఒరిగిందేముంది?

చివరికి ప్రధాని గ్లాడ్‌స్టన్ 1869లో చట్టం తెచ్చారు. 1871 జనవరి 1 నుంచి ఐర్లండ్‌లో ఆ చర్చికి అధికారిక హోదా పోయింది. వేల్స్‌లో 1920లో పోయింది. ఇంగ్లండ్‌లో మాత్రం అడ్డుపడినవాళ్లదే పైచేయి. అక్కడి చర్చికి నేటికీ రాజుగారే అధిపతి. పార్లమెంటు ఎగువసభలో 26 మంది బిషప్పులకు సీట్లున్నాయి.